ఏ కార్డు కొనాలి, తీసిన ఫోటోలు ఎక్కడ దాచాలి

మా తమ్ముడి కొడుకు తిరుపతి గంగమ్మ జాతరలో తొలిసారి బైరాగి వేషం కట్టిన రోజు నేను తెల్లవారకముందే కెమెరా పట్టుకుని వాళ్లింట్లో ఉన్నాను. ఏడేళ్ల పిల్లోడు. ఒళ్లంతా తెల్లటి నామకొమ్ము పూస్తుంటే చక్కిలిగింతలకి మెలికలు తిరిగిపోతూ నవ్వడం, పూత ఆరాక ముఖం బిగుసుకుపోయి పెద్దమనిషిలా నిలబడడం, వాళ్ల అవ్వ దిష్టి తీయడం, తాతయ్యగుంట గుడి ముందు జనంలో వాళ్ల నాయన భుజాలెక్కి చూడడం, అన్నీ తీశాను. మూడొందల దాకా వచ్చాయి. సాయంత్రం లాప్‌టాప్‌లో కెమెరా మెమరీ కార్డు పెడితే మొదటి డెబ్బై ఎనభై తెరుచుకున్నాయి. ఆ తర్వాత వాటికి పేర్లున్నాయి, సైజులున్నాయి, బొమ్మ లేదు. వరసగా బూడిదరంగు గడులు.

కార్డు మీద 256 జీబీ అని అచ్చు వేసి ఉంది. లోపల నిజంగా ఉన్నది 16 జీబీ. అడిగినప్పుడల్లా 256 అని చెప్పేటట్టు లోపలి కంట్రోలర్‌ని మార్చి అమ్మారు. అంతకు ముందు నెల తలకోన జలపాతానికి వెళ్లినప్పటి ఫోటోలూ వీడియోలతోనే అది ముప్పాతిక పైగా నిండిపోయింది. నిండాక కూడా కెమెరా రాస్తూనే ఉంది, కార్డు సరే సరే అంటూనే ఉంది.

అప్పటి నుంచి ‘ఏ చిప్పు తీసుకోమంటావు?’ అని ఎవరడిగినా నేను వేగం దగ్గర మొదలుపెట్టను. ముందు అసలుదా కాదా చూడాలి. తర్వాత ఎన్ని కావాలి. ఆ తర్వాతే వేగం. వీటన్నిటికీ ముందు మనసులో పెట్టుకోవాల్సింది ఒకటుంది: కార్డు ప్రయాణపు సంచి లాంటిది. ఊరి నుంచి రాగానే సంచి విప్పి బట్టలు బీరువాలో సర్దుకుంటాం. కార్డునీ అలాగే విప్పాలి. మన ఇళ్లల్లో జరిగేది వేరు. ఏడాది పాటు తీసినవన్నీ ఒకే కార్డులో పడుంటాయి, అది కెమెరాలోనే ఉంటుంది, కెమెరా అటక మీద ఉంటుంది.

కార్డు మీది రాతలు

ఒక కార్డు చేతిలోకి తీసుకుని చూడండి. పెద్ద అక్షరాల్లో సెకనుకు 170 ఎంబీ అనో 200 ఎంబీ అనో ఉంటుంది. అది చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌లోకి దించుకునేటప్పుడు అక్కరకొచ్చేది. మామూలుగా దొరికే యూహెచ్ఎస్-1 రకం కార్డుకి ప్రమాణం ప్రకారం డేటా వెళ్లే దారే సెకనుకు 104 ఎంబీ. అంతకు మించిన అంకె వేసిన కార్డులు ఆ వేగం ఇవ్వాలంటే సాధారణంగా వాటికి సరిపడే రీడర్ కూడా కొనాలి. మామూలు రీడర్‌లో పెట్టి ‘ఇంత నెమ్మదేంటి’ అనుకుని లాభం లేదు.

ఫోటో తీసేటప్పుడు మనకు కావాల్సింది రాసే వేగం. దాన్ని మూలల్లో చిన్న గుర్తులుగా వేస్తారు. సీ గుర్తు లోపల 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ. యూ లోపల 1 ఉంటే అదే 10, 3 ఉంటే 30. వీ పక్కనున్న అంకె మరీ సూటిగా ఉంటుంది: వీ30 అంటే 30, వీ60 అంటే 60, వీ90 అంటే 90. ‘కనీసం’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. వీడియో నడుస్తున్నంతసేపూ వేగం దానికన్నా కిందికి పడదని ఇచ్చే హామీ అది.

ఇక్కడ చాలామంది ఒకచోట తడబడతారు. కెమెరా మెనూలో 4కే వీడియోకి 100 ఎంబీపీఎస్ అని కనిపిస్తుంది. వీ30 చాలదేమోనని భయపడి చాలా ఎక్కువ ధర పెట్టి వీ90 తెచ్చుకుంటారు. మెనూలోవి మెగాబిట్లు, కార్డు మీదవి మెగాబైట్లు. ఎనిమిదితో భాగిస్తే 100 మెగాబిట్లు సెకనుకు 12.5 ఎంబీ అవుతాయి. వీ30 కార్డు ఆ పని అవలీలగా చేస్తుంది.

ఏ1, ఏ2 గుర్తులు కార్డు మీద యాప్‌లు నడిపేవాళ్లకి. ఫోటోలకి వాటి కోసం అదనంగా పెట్టక్కర్లేదు. ఇంకొకటి, మీ దగ్గర బాగా పాత కెమెరా ఉంటే దాని మీద ఎస్‌డీహెచ్‌సీ అని మాత్రమే రాసి ఉందేమో చూసుకోండి. 32 జీబీ వరకూ ఉన్నవి ఎస్‌డీహెచ్‌సీ, అంతకు పైవి ఎస్‌డీఎక్స్‌సీ. 2009లో వచ్చిన ఈ రెండో రకాన్ని పాత కెమెరాలు చాలా మటుకు గుర్తుపట్టవు.

ఎవరికి ఏది

కాణిపాకం, శ్రీకాళహస్తి, చంద్రగిరి కోట అంటూ ఇంటిల్లిపాదీ తిరిగొచ్చే వాళ్లకి, జేపెగ్ ఫోటోలూ నడుమ నడుమ వీడియోలూ తీసేవాళ్లకి 64 జీబీ, వీ30 కార్డు చాలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో జేపెగ్ ఫోటో ఒక్కోటి సుమారు 10 ఎంబీ అనుకున్నా ఆరువేల దాకా పడతాయి. అంతకన్నా తక్కువ రకం కొని మిగుల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

4కే వీడియో ఎక్కువగా తీసేవాళ్ల లెక్క వేరు. పైన చెప్పిన 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 జీబీ పోతుంది. పెళ్లి తతంగమో బ్రహ్మోత్సవాల్లో మాడ వీధుల్లో వాహన సేవో తీయాలనుకుంటే 128 జీబీ చోటు ఉండేటట్టు చూసుకోండి. వేగం మాత్రం అదే వీ30.

పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు మాత్రం ఖరీదైన కార్డు నిజంగా పనికొస్తుంది. చలికాలంలో నేలపట్టుకో పులికాట్ సరస్సుకో వెళ్లి, పక్షుల గుంపు ఒక్కసారిగా లేచినప్పుడు మీట నొక్కి పట్టుకున్నారనుకోండి. రా ఫైల్ (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే అసలు ఫైల్) ఒక్కోటి 25 ఎంబీ, సెకనుకు పది ఫోటోలు, అంటే సెకనుకు 250 ఎంబీ. ఏ యూహెచ్ఎస్-1 కార్డూ అంత మింగలేదు. కెమెరా తన లోపలి మెమరీలో కాసేపు పట్టి ఉంచుతుంది, అది నిండగానే చప్పుడు నెమ్మదిస్తుంది, టక్... టక్... అని ఆగిపోతుంది. గుంపు తల మీదికి వచ్చేది సరిగ్గా అప్పుడే. యూహెచ్ఎస్-2 కార్డుకి వెనక రెండో వరస పిన్నులు ఉంటాయి, దారి 312 ఎంబీ దాకా వెడల్పవుతుంది, కెమెరా తొందరగా ఖాళీ అయి మళ్లీ సిద్ధమవుతుంది. కాకపోతే కెమెరా కూడా యూహెచ్ఎస్-2 ది అయ్యుండాలి. పాత కెమెరాలో పెడితే మామూలు కార్డు వేగంతోనే నడుస్తుంది, ఎక్కువ పెట్టిన డబ్బంతా వృథా. కొనేముందు కెమెరా పుస్తకంలో ఆ ఒక్క పేజీ చూసుకోండి.

ఫోనుతోనే తీసేవాళ్లకి నా సలహా: ఫోను కొనేటప్పుడే లోపలి స్టోరేజీ ఎక్కువున్నది తీసుకోండి. చాలా కొత్త ఫోన్లకు కార్డు అరే ఉండడం లేదు. ఉన్నవాళ్లు, కార్డు పెట్టగానే దాన్ని ఎలా వాడాలని ఫోను అడిగితే పోర్టబుల్ స్టోరేజీ అని ఎంచుకోండి. ఇంటర్నల్ అని ఎంచుకుంటే కార్డుని ఆ ఫోనుకే తాళం వేసేస్తుంది. రేపు ఫోను చెడిపోతే ఆ కార్డు ఇంకెక్కడా తెరుచుకోదు.

చిత్తూరు మీదుగా బెంగళూరు రోడ్డులో కారులో డాష్‌క్యామ్ (దారిని రికార్డు చేసే చిన్న కెమెరా) నడిపేవాళ్లు హై ఎండ్యూరెన్స్ అని రాసిన మైక్రో ఎస్‌డీ తీసుకోవాలి. రోజంతా చెరిపి రాసి చెరిపి రాసి మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు మైక్రో కార్డుని అడాప్టర్‌లో దూర్చి వాడుకోవచ్చు కదా అంటారు. పనిచేస్తుంది. కానీ మధ్యలో ఇంకో అతుకు వచ్చి చేరుతుంది, కదిలితే కార్డు ఎర్రర్ అంటుంది. కెమెరాకి పెద్ద సైజు ఎస్‌డీ కార్డే కొనండి.

ఒక్క 128 జీబీనా, రెండు 64 జీబీలా

ఒక్కటే ఉంటే మార్చే పని లేదు, పారేసుకునే భయం తక్కువ అనేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది, గోరంత కార్డుని తలకోన బండల మీద మార్చబోతే జారి నీళ్లలో పడిపోవచ్చు. అయినా నేను రెండు చిన్నవే కొంటాను. కార్డు చెడిపోయే రోజు ముందుగా చెప్పి రాదు. ఆ రోజు ప్రయాణమంతా పోవడం ఒకటి, సగం మిగలడం ఒకటి. పైగా మొదటి రోజు కార్డు తీసి పక్కన పెట్టేస్తే రెండో రోజు కెమెరా పోయినా మొదటి రోజు మిగులుతుంది.

మార్చడం గదిలోనో బండిలోనో కూర్చుని చేయండి. నింపిన కార్డుని చిన్న పెట్టెలో బోర్లా పెడతాను, ఖాళీది పేరు పైకి కనిపించేటట్టు పెడతాను. చీకట్లో కూడా తేడా తెలుస్తుంది. నింపిన ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటని కిందికి జరిపేస్తే పొరపాటున దాని మీద ఇంకేదీ రాయదు. మీ కెమెరాకి రెండు కార్డుల అరలుంటే రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టుకోండి. ఆ సౌకర్యం ఉండి కూడా, రెండోది నిండాక వాడుకుందాంలే అని వదిలేసేవాళ్లను చూస్తే నాకు మనసు ఉసూరుమంటుంది.

అసలుదో నకిలీదో

మామూలు ధరలో మూడో వంతుకి ఎవరైనా ఇస్తుంటే అది మంచి బేరం కాదు. నేను చేసిన తప్పు అదే. పేరున్న కంపెనీ కార్డుని బిల్లు ఇచ్చే దుకాణంలో, సీలు ఉన్న ప్యాకెట్‌లో కొనండి. అంతమాత్రాన పరీక్ష మానొద్దు. విండోస్ లాప్‌టాప్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని, లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకి ఎఫ్3 అని ఉచిత ప్రోగ్రాములున్నాయి. అవి కార్డుని అంచు దాకా నింపి, రాసింది రాసినట్టు ఉందో లేదో మళ్లీ చదివి చూస్తాయి. 64 జీబీ కార్డుకి గంట అటూ ఇటూ పడుతుంది. కొన్న రోజు సాయంత్రమే పెట్టి వదిలేయండి, తేడా వస్తే వాపసు గడువులోనే బిల్లుతో వెళ్లొచ్చు.

64 జీబీ కార్డు కంప్యూటర్‌లో 59 చిల్లర చూపిస్తే కంగారు పడొద్దు. కంపెనీ జీబీని వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అంకెల తేడానే గానీ మోసం కాదు. వారంటీ గురించి కూడా ఒక మాట: పదేళ్ల వారంటీ అంటే కార్డు పోతే కొత్త కార్డు ఇస్తారని అర్థం. అందులోని ఫోటోలకి ఎవరూ పూచీ ఉండరు.

దారిలో, గదిలో

ప్రయాణంలో రోజుకొక్కసారి కాపీ, నేను తప్పని నియమం ఇది. అన్నం తిన్నాక, పడుకునేముందు. లాప్‌టాప్ మోయక్కర్లేదు. టైప్-సీ కార్డు రీడర్ ఫోనుకి తగిలిస్తే చాలు, కెమెరా ఫోటోలు ఫోనులోకి వస్తాయి. ఫోనులో చోటు లేకపోతే చిన్న ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్క్) లేదా ఫోనుకి నేరుగా తగిలే ఓటీజీ పెన్‌డ్రైవ్ వెంట ఉంచుకోండి. కాపీ అయ్యాక ఊరికే జాబితా చూసి మూసేయొద్దు. మొదటిది, మధ్యలోది, చివరిది తెరిచి పెద్దవి చేసి చూడండి. ఆ జాతర రోజు నేను కెమెరా తెర మీద చూసుకున్నది అప్పుడే తీసిన ఫోటోని, అది ఇంకా కెమెరా మెమరీలో ఉన్నప్పుడు. వెనక్కి వెళ్లి ఒక్కటి తెరిచి చూసుంటే అక్కడికక్కడే తెలిసిపోయేది.

తిరుమల వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోనూ కెమెరా రెండూ కౌంటర్‌లో ఇచ్చేయాలి. అలిపిరి నుంచి నడిచేవాళ్లు బ్యాగులు కింద లగేజీ కౌంటర్‌లో ఇచ్చి 3,550 మెట్లు ఎక్కుతారు, బ్యాగు వేరే దారిలో కొండెక్కుతుంది. అందుకని ఆ ముందు రాత్రే కాపీ అయిపోవాలి, కార్డూ కాపీ ఒకే సంచిలో ఉండకూడదు. కార్డులు ఒకరి దగ్గర, ఎస్‌ఎస్‌డీ ఇంకొకరి బ్యాగులో పెట్టండి. భార్యాభర్తలు వెళ్తే పంచుకోవడం మరీ సులువు.

రెండు చోట్ల కాపీ ఉందని కళ్లారా చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. చేసేటప్పుడు కెమెరాలోనే చేయండి, కంప్యూటర్‌లో కాదు, కెమెరా తనకు కావాల్సిన ఫోల్డర్లు తనే సర్దుకుంటుంది. ఎర్ర దీపం మినుకుతున్నప్పుడు కార్డు లాగొద్దు. బ్యాటరీ చివరి గీత మీద ఉన్నప్పుడు వీడియో మొదలుపెట్టొద్దు. మే నెల ఎండలో మూసిన కారు డాష్‌బోర్డు మీద ఏదీ వదలొద్దు. చాలా కార్డులు 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయి గానీ ఫోనూ హార్డ్‌డిస్కూ అంత తట్టుకోలేవు.

ఇంటికొచ్చాక

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తినప్పుడు మా పెద్దమ్మ వాళ్ల కింది ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలో పెళ్లి ఆల్బం, దాని పక్కనే లాప్‌టాప్, లాప్‌టాప్ సంచిలోనే హార్డ్‌డిస్క్. ముగ్గురు పిల్లల ఫోటోలు అందులోనే ఉన్నాయి, ‘రెండు కాపీలు ఉన్నాయి కదా’ అన్న ధైర్యంతోనే ఉన్నారు. రెండూ ఒకే నీళ్లలో మునిగాయి. ఆల్బంలో పైపైన ఉన్న నాలుగైదు పేజీలు ఎండబెట్టుకున్నారు. డిస్క్ మళ్లీ తిరగలేదు.

ఫోటోలు తీసేవాళ్లు ‘మూడు, రెండు, ఒకటి’ అనే లెక్క ఇందుకే చెప్తారు: మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో. ఈ చివరి ‘ఒకటి’ని మన ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోరు. నాకైతే అన్నిటికన్నా అదే ముఖ్యం.

హార్డ్‌డిస్కా ఎస్‌ఎస్‌డీనా అంటే, ఇంట్లో కదలకుండా ఉంచడానికి హార్డ్‌డిస్కే. అదే డబ్బుకి చోటు బాగా ఎక్కువ వస్తుంది. దాని లోపల తిరిగే పళ్లెం, దాని మీద వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ ఎత్తులో కదిలే సూది ఉంటాయి, కాబట్టి పడేస్తే పోతుంది. ప్రయాణానికి ఎస్‌ఎస్‌డీ మేలు, పడినా తట్టుకుంటుంది. కానీ ఎస్‌ఎస్‌డీ, కార్డు, పెన్‌డ్రైవ్ మూడూ విద్యుదావేశాన్ని పట్టి ఉంచి గుర్తుపెట్టుకునేవే. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి, అందులోనూ వేడిలో ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. వాటిని డ్రాయరులో వేసి పదేళ్ల తర్వాత తీద్దామనుకోకండి. పెన్‌డ్రైవ్ ఒకరి నుంచి ఒకరికి ఇచ్చిపుచ్చుకోవడానికి మాత్రమే, దాచడానికి నేను ఒప్పుకోను.

క్లౌడ్, అంటే ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు, వేరే ఊళ్లో ఉన్న ఇల్లు లాంటిది, ఆ చివరి ‘ఒకటి’కి చక్కగా సరిపోతుంది. గూగుల్ ఖాతాకి ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, డ్రైవ్ కూడా. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిల్వ ఆగిపోయింది. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. కాబట్టి ఫోటోలు ఎక్కువ తీసేవాళ్లు డబ్బు కట్టే ప్లాన్‌కి సిద్ధపడాలి. ఎక్కించే సమయం కూడా లెక్కేసుకోండి: 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైనులో నిండు 64 జీబీ కార్డు ఎక్కడానికి ఆగకుండా 14 గంటలు పడుతుంది. లాడ్జి వైఫై మీద ఆశ పెట్టుకోవద్దు, ఇంటికొచ్చి రాత్రిళ్లు ఎక్కించండి.

క్లౌడ్‌లో ఒక మెలిక ఉంది. ఫోనులో చోటు కోసం గూగుల్ ఫోటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే క్లౌడ్‌లోదీ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. చోటు కావాలంటే అందులోనే ఉన్న ఫ్రీ అప్ స్పేస్ వాడండి, అది ఫోనులోవి మాత్రమే తీస్తుంది.

వాట్సాప్ గ్రూపులో పంపాను కదా, అక్కడుంటాయిలే అనే మాట మా ఇంట్లోనే వారానికి ఒకసారి వింటాను. వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు కూడా రాలిపోతాయి. అలా వచ్చినదాన్ని పెద్ద సైజులో ప్రింటు వేయిస్తే ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి. అసలుది పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

నేను చేసేది ఇది. ఇంట్లో ఒక హార్డ్‌డిస్క్, మెట్ల పైన ఉన్న గదిలో. రెండోది చిత్తూరులో అక్క వాళ్లింట్లో. పండక్కి వెళ్లినప్పుడు కొత్తవి ఎక్కించి వస్తాను, వాళ్ల డిస్క్ నా దగ్గర ఉంటుంది. ఏరిన ఫోటోలు మాత్రం క్లౌడ్‌లో. ఫోల్డరు పేరు ఏడాది, నెల, ఊరు వరసలో: 2024-11-హార్స్‌లీహిల్స్. ఇలా పెడితే తేదీల ప్రకారం వాటంతటవే వరసగా నిలబడతాయి. ఏడాదికోసారి రెండు డిస్కులూ తగిలించి అక్కడక్కడా తెరిచి చూస్తాను. అయిదారేళ్లు దాటిన డిస్క్ బాగానే ఉన్నా కొత్తదానికి మారుస్తాను.

పొరపాటున పోతే

చెరిపేశారా, ఫార్మాట్ కొట్టారా, కార్డు చదవనంటోందా, అక్కడే ఆగిపోండి. ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. చెరిపినప్పుడు చాలాసార్లు పోయేది జాబితానే, ఫోటో ఇంకా అక్కడే ఉంటుంది, కొత్తది దాని మీద పడితేనే పోతుంది. లాక్ మీట కిందికి జరిపి కార్డు బయటికి తీయండి. ‘ఫార్మాట్ చేయాలా?’ అని కంప్యూటర్ అడిగితే వద్దు అనండి. ఫోటోరెక్ అని ఉచిత ప్రోగ్రాము ఉంది, కాస్త ఓపిగ్గా నడిపితే చాలావరకు వెనక్కి తెస్తుంది. వచ్చినవాటిని అదే కార్డులో కాకుండా వేరే డిస్కులో సేవ్ చేయండి. ఫోను లోపలి మెమరీలోంచి పూర్తిగా చెరిపేసినవి మాత్రం ఇలా దొరకడం చాలా అరుదు.

జాతర ఫోటోల కోసం నేనూ ఆ కార్డు మీద రాత్రంతా ఫోటోరెక్ నడిపాను. తలకోనవి వచ్చాయి, పిల్లోడికి నామకొమ్ము పూస్తున్నవి వచ్చాయి. గుడి ముందువి రాలేదు. అవి ఆ కార్డులో ఎప్పుడూ పడనేలేదు.